జింకకు కన్నీరు, పందికి తిట్టు - మంచె మీది కూలికి ఏమిటి?

వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే రోజులు వచ్చాయంటే చేలల్లో మంచెలు లేస్తాయి. మన దిక్కున బుడ్డలంటాము. కాయ పట్టిన నాటి నుంచి పీకి కుప్ప వేసేదాకా చేనున్నవానికి రాత్రి నిద్ర ఉండదు. చేను చుట్టూ పాత చీరెలు కడతారు. మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల వెంబడి చల్లుతారు. డబ్బాలు కొడతారు, టపాకాయలు కాలుస్తారు. అయినా ఏదో ఒక తెల్లవారుజామున పోయి చూస్తే చేను నాగలి తిప్పినట్లు తిరగబడి ఉంటుంది. అడవిపందుల గుంపు ఒక్క రాత్రి దిగితే చాలు, నెలల చాకిరీ మట్టిలో కలుస్తుంది.

అదే చేనులో అదే మనిషికి, కంచెలో కాలు ఇరుక్కున్న జింకపిల్ల కనిపించిందనుకోండి. ఏం చేస్తాడు? కాలు విడిపిస్తాడు, నీళ్లు పట్టిస్తాడు, "పాపం, నోరు లేని జీవి" అంటాడు. ఇరుక్కున్నది పందిపిల్ల అయితే? "కట్టె తేరా" అంటాడు. రెండూ ప్రాణులే. రెండూ పంట తినేవే. రెండింటికీ నోరు లేదు. మరి ఒకదాని మీద జాలి, ఒకదాని మీద కసి ఎందుకు?

రైతు కూలీల సమస్యలు ఇన్ని ఉండగా ఈ ప్రశ్న ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. కానీ దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే అది చట్టం దాకా పోతుంది, సర్కారు ఖర్చు పద్దుల దాకా పోతుంది, తిరిగి తిరిగి మన కూలి డబ్బుల దగ్గరికే వస్తుంది. అందుకే ఈ మాట ఎత్తుకున్నాము.

రూపం, పేరు, దేవుడు

మొదటి సంగతి రూపం. జింకకు పెద్ద కండ్లు, సన్నని కాళ్లు, బెదురు చూపు. చూస్తే చంటిబిడ్డ గుర్తుకు వస్తుంది. పందికి ముట్టె, కోరలు, బురద. మనిషి కంటికి నచ్చిన దానికి మనసు కరగడం సహజం. విచిత్రం ఏమిటంటే 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో చుక్కల దుప్పీ, అడవిపందీ రెండూ ఒకే షెడ్యూలులో, మూడవ దానిలో, పక్కపక్కనే ఉండేవి. కాగితం మీద రెండింటికీ ఒకే విలువ. కానీ చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు అయింది, పంది తిట్టుగానే మిగిలింది. ఆ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉన్న ఉడుము సంగతి చూడండి. ఉడుమును కొడితే పులిని కొట్టినంత నేరమని మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? నల్లమలలో దొరికే అలుగు కూడా అంతే. దాని పొలుసుల కోసం ప్రపంచమంతటా దొంగ వ్యాపారం నడుస్తోంది. 2016లో దేశాలన్నీ కూర్చుని దాని వ్యాపారాన్ని నిషేధించాయి. అయినా అలుగు కోసం ఏడ్చినవాడు లేడు. దానికి పొలుసులున్నాయి గానీ అందమైన ముఖం లేదు.

రెండవది పేరు. ఉత్తరాదిన నీల్‌గాయ్ అనే జంతువు ఉంది. అది ఆవు కాదు. కానీ పేరులో 'గాయ్' ఉంది కాబట్టి, పంట నాశనం చేస్తున్నా దాని మీద చెయ్యి ఎత్తడానికి అక్కడి రైతులు వెనుకాడతారు. మన తెలుగులో దాని పేరు మనుబోతు. ఈ పేరులో ఆవు లేదు, ఆ మొహమాటమూ లేదు. 2015 డిసెంబరులో కేంద్రం బీహారులోని కొన్ని జిల్లాలలో మనుబోతునూ, అడవిపందినీ పంటనాశక జంతువులుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో రెండు వందలకు పైగా మనుబోతులను కాల్చారు. ఒకే మంత్రివర్గంలోని మేనకా గాంధీ గారు పర్యావరణ శాఖ మీద బహిరంగంగా విరుచుకుపడ్డారు. దేశమంతా చర్చ జరిగింది. ఆ చర్చంతా మనుబోతు చుట్టూనే తిరిగింది. అదే ఉత్తర్వులో ఉన్న పంది గురించి మాట్లాడినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది.

మూడవది దేవుడు. నెమలి కుమారస్వామి వాహనం, 1963 నుంచి జాతీయ పక్షి. కోతి హనుమంతుడు. చేనూ, పెరడూ, ఇంటి కప్పూ పీకి పందిరి వేసినా రైతు రాయి విసిరి ఊరుకుంటాడు. మరి వరాహావతారం ఎవరిది? గుడిలో వరాహస్వామికి దండం పెట్టి వచ్చి, చేనులో అదే వరాహాన్ని తిట్టుకుంటాము. కాబట్టి దేవుని పేరు కూడా ఎప్పుడూ కాపాడదు. ఒక్కొక్కసారి భక్తే ప్రాణం మీదికి తెస్తుంది. దసరానాడు పాలపిట్టను చూస్తే మంచిదని మన నమ్మకం. 2014లో అది రాష్ట్ర పక్షి కూడా అయింది. పట్నాలలో ఆ ఒక్క దర్శనం కోసం వేటగాళ్లు పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులకు చూపిస్తున్నారు. దండం పెట్టే చేయే రూపాయి ఇచ్చి ఆ వేటను పోషిస్తోంది.

వేటాడిన చేయి ఎవరిది?

రూపం, పేరు, దేవుడు అని ఇంతటితో ఆపితే సగమే చెప్పినట్లు. జంతువును బట్టి జాలి మారినట్లే, వేటగాణ్ని బట్టి కూడా మారుతుంది.

పులి కథ చూడండి. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ వేసిన అంచనా ప్రకారం 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్లలో ఈ దేశంలో 80,000కు పైగా పులులను, ఒక లక్షా 50 వేలకు పైగా చిరుతలను, 2 లక్షల తోడేళ్లను చంపారు. చంపినవాళ్లకు తెల్లదొరల సర్కారు ఇనాములు ఇచ్చింది. పులిని చంపడం రాజులకు, నవాబులకు, దొరలకు మగతనపు గుర్తు. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా పులుల వేటలో పేరుపడ్డవాడు. మన నల్లమలలో ఫరహాబాదు నిజాముల వేట విడిది. నవాబులూ జాగీర్దారులూ వేటకు వస్తే అడవి చుట్టూ నిలబడి హాకా కొట్టడానికి, మోతలు మోయడానికి పల్లెల నుంచి మనుషులను వెట్టికి తోలుకొని పోయేవారు. తుపాకి దొరది, పేరు దొరది, పులి ఎదురు తిరిగితే పోయే ప్రాణం మాత్రం వెట్టివానిది. ఆ వేటకు 'షికారు' అని అందమైన పేరు. గోడల మీద పులి తలలు, పక్కన ఫొటోలు.

1972లో లెక్కిస్తే దేశంలో 1,827 పులులే మిగిలాయి. 1973లో పులుల రక్షణ పథకం మొదలైంది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి ఆ పథకంలోకి వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత మన వైపు భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. 2022 లెక్క ప్రకారం దేశంలో పులులు సగటున 3,682. ఇది మంచి పని, సంతోషించవలసినదే. పులి బతికితే అడవి బతుకుతుంది, అడవి బతికితే వాగులు బతుకుతాయి.

కానీ బిల్లు ఎవరికి వెళ్లింది? పులిని పోగొట్టిన నవాబుల వారసులను ఎవరూ ఏమీ అడగలేదు. తరతరాలుగా గడ్డలు తవ్వుకొని, తేనె తీసుకొని, విల్లుతో చిన్నాచితకా వేట ఆడుకొని బతికిన చెంచులు మాత్రం రాత్రికి రాత్రి నేరస్థులయ్యారు. 1943లో చెంచుల మీద పుస్తకం ప్రచురించిన హైమెన్‌డార్ఫ్ దొర కూడా వాళ్ల తిండిలో వేట కన్న గడ్డలూ పండ్లే ఎక్కువని రాశాడు. పులి వంద చెంచు పెంటల మధ్య తిరిగిన కాలంలో అంతరించలేదు, తుపాకి వచ్చిన తర్వాత అంతరించింది. ఇవాళ పులి పేరు చెప్పి చెంచులను అడవి నుంచి కిందికి దించే ప్రయత్నం జరుగుతోంది. కుటుంబానికి 15 లక్షలు అంటున్నారు. అదే అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం వెతకడానికి 2019లో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా పచ్చజెండా ఊపింది. చెంచు గుడిసె ఉంటే పులికి ఇబ్బంది, డ్రిల్లింగు యంత్రం దిగితే ఇబ్బంది లేదు! ప్రజలు లేచారు, ఊరూరా ఉద్యమం జరిగింది, అదే ఏడు సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేయక తప్పలేదు.

దూరం నుంచి జాలి తేలిక

2018 నవంబరు 2న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ఒక ఆడపులిని కాల్చి చంపారు. అది మనకు దూరం కాదు, ఆదిలాబాదుకు పక్కనే. రెండేళ్లలో 13 మంది చావులు ఆ పులి వల్లనే అని అటవీ శాఖ లెక్క కట్టింది. చనిపోయినవాళ్లు పత్తిచేలలో పనిచేసేవాళ్లు, పశువులు కాచేవాళ్లు. శాఖ రికార్డులో దాని పేరు టి-1. పట్నాలలోని జంతుప్రేమికులు దానికి 'అవని' అని పేరు పెట్టారు. పేరు రాగానే దానికి ముఖం వచ్చింది, తల్లి అన్న బంధుత్వం వచ్చింది, రెండు కూనల కథ వచ్చింది. కొవ్వొత్తులు వెలిగాయి. కాల్చిన పద్ధతి మీద లేచిన ప్రశ్నలు న్యాయమైనవే, సర్కారు జవాబు చెప్పవలసినవే. కానీ ఆ 13 మందిలో ఒక్కరి పేరైనా ఆ కొవ్వొత్తులు పట్టుకున్నవాళ్లకు తెలుసా? పులికి పేరు పెట్టారు, పేర్లున్న మనుషులను అంకెగా మార్చారు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. 2015 జూలైలో ఆఫ్రికాలోని జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని అమెరికా నుంచి డబ్బు కట్టి వచ్చిన ఒక పండ్ల డాక్టరు వేటాడి చంపాడు. అమెరికా, యూరపు అంతా అట్టుడికింది. అప్పుడు అమెరికాలో చదువుకుంటున్న ఒక జింబాబ్వే పల్లె యువకుడు అక్కడి పెద్ద పత్రికలో వ్యాసం రాశాడు. దాని సారాంశం: మా ఊళ్ల వాళ్లకు సింహం అంటే ముద్దు బొమ్మ కాదు, పొద్దు గూకితే గడప దాటనివ్వని భయం. నల్లమల అంచున పశువులు కాచేవానికి ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

2020 మే నెల కూడా గుర్తు చేసుకుందాం. కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో గర్భంతో ఉన్న ఏనుగు నోట్లో పేలుడు మందు పేలి, మే 27న వెళ్లియార్ నదిలో నిలబడే ప్రాణం విడిచింది. ఎవరి గుండె అయినా కలచివేసే సంగతి. దేశం ఏడ్చింది. అయితే ఆ మందు ఎర సాధారణంగా పెట్టేది ఎవరి కోసం? అడవిపంది కోసం. ఏనుగు కొరికింది కాబట్టి ఘోరం అయింది. పందే కొరికి, దవడ పగిలి, మూడు రోజులు గిలగిల తన్నుకొని చస్తే అది వార్త కూడా అయ్యేది కాదు. బాధలో తేడా ఏముంది? అదే నెల 8న ఔరంగాబాదు దగ్గర రైలు పట్టాల మీద నిద్రపోయిన 16 మంది వలసకూలీల మీద గూడ్సు బండి వెళ్లింది. మన పాలమూరు కూలీలు కూడా ఆ రోజులలో మూటలు నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చారు. ఏనుగు కోసం ఏడవవద్దని మేము అనడం లేదు. కన్నీరు ఏనుగు దాకా వచ్చి పట్టాల దగ్గర ఎందుకు ఇంకిపోయిందని అడుగుతున్నాము.

జాలి బిల్లు కట్టేది ఎవరు?

గద్వాలకు ఎగువన కృష్ణ ఒడ్డున మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాలలో కృష్ణజింకలు మందలు మందలుగా చేలల్లో పడుతున్నాయి. మొలక వచ్చిన చేనును మొదలంటా కొరికి పోతాయి. కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు, దాని మీద చెయ్యి వేస్తే జైలు. రాజస్థానులో 1998లో కృష్ణజింకలను వేటాడిన కేసులో సల్మాన్ ఖాన్ అంతటివానికి 2018లో కింది కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. పెద్దవాళ్లకూ చట్టం తగిలినందుకు మంచిదే. ఆయనకు వెంటనే బెయిలు వచ్చింది, లాయర్లున్నారు. మాగనూరు కౌలుదారుకు ఎవరున్నారు?

తుంగభద్ర దాటి చూడండి. కర్నూలు వైపు రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఆ కంచెలో కృష్ణజింకలు పెరిగాయి, చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు అభయారణ్యం అంటేనే మంట పుట్టింది. కాలువ నీళ్లు వచ్చి బీళ్లు సాగులోకి వెళ్లాయి. చివరికి ఎవరి కోసం పెట్టారో ఆ పిట్టే అక్కడ కనిపించకుండా పోయింది. రైతును శత్రువును చేసుకొని జంతువును కాపాడడం కుదరదని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

పంట పోయిందని దరఖాస్తు పెడితే ముందు అడిగేది పాసుపుస్తకం. మంచె మీద పడుకునేది పట్టాదారు కాదు. ఆయన వనపర్తిలోనో హైదరాబాదులోనో ఉంటాడు. మంచె మీద పడుకునేది కౌలుదారు, లేదా జీతం మనిషి. 2018లో వచ్చిన రైతుబంధులో కౌలుదారుకు పేరు ఉండేది కాదు, పంది తిన్న చేను దగ్గరా పేరు లేదు. ముందు కౌలు కట్టినవాడు, విత్తనానికి అప్పు తెచ్చినవాడు, పాము పురుగు అనక రాత్రంతా మేలుకున్నవాడు వాడు. నష్టపరిహారం వస్తే అందుకునేది ఇంకొకడు. ఇక కలుపు తీసే, కాయ తెంపే ఆడకూలీల సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. చేను పోతే వాళ్లకు పోయేది పంట కాదు, పని దినాలు. "జింక సస్తే జీపులొస్తయి. పంది మేస్తే ఫొటో దీసుకపోతరు. మా కూలి పోతే ఎవలొస్తరన్నా?" అని అడిగే అక్కకు ఏ శాఖ జవాబు చెబుతుంది? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే.

మన చేతిలోని తీగ

ఇంతవరకు పట్నం వాళ్ల జాలిని తూకం వేశాము. మన జాలిని కూడా తూకం వేసుకోవాలి. లేకపోతే న్యాయం కాదు.

పంది మీద కసితో స్తంభం నుంచి వైరు లాగి చేను చుట్టూ ఇనుపతీగకు కరెంటు ఇస్తున్నారు. ఆ తీగకు పంది, జింక, దూడ, మనిషి అన్నీ ఒకటే. తెలంగాణ పల్లెల్లో ఎన్నో ఇండ్లలో ఈ తీగ దీపం ఆర్పింది. తెల్లవారి నీళ్లు కట్టడానికి వచ్చిన జీతగాడు, అడ్డదారిన పోయిన పొరుగు రైతు, కొన్ని చోట్ల తీగ పెట్టినవాడే శవాలై దొరికారు. నాటు బాంబు కొరికిన ఎద్దు దవడ పగిలి మేత ముట్టక చస్తే ఆ ఇంటి సేద్యం ఆగిపోతుంది. "పందే గదా, ఎట్ల సస్తే ఏంది" అన్న మాటలోనే ఈ తీగ పుట్టింది. ఒక ప్రాణికి జాలి పూర్తిగా తీసేస్తే, అక్కడ పెట్టిన మృత్యువు ముందు ముక్కు మొగం తెలియని కూలివాని మీదనే పడుతుంది. రైతు సంఘాల కార్యకర్తలు ఓట్లు పోతాయనో, మాట వస్తుందనో ఈ విషయంలో మౌనం పాటించడం తగదు. ఊరి సభలో లేచి చెప్పాలి: కరెంటు తీగ మనదే అయినా నేరమే.

పంది సంఖ్య తగ్గించవలసిన చోట తగ్గించవలసిందే. పంటకు ముప్పు ఉన్నప్పుడు వేటకు అనుమతి ఇచ్చే అధికారం 1972 చట్టం 11వ సెక్షనులోనే ఉంది. కేరళ 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థలకు అప్పగించింది. ఆ పని బాధ్యతగల మనిషి చేతిలో, పగటి వెలుగులో, లెక్కతో జరగాలి. చాటుమాటు తీగతో, బాంబుతో జరగరాదు. బాధ లేకుండా చంపడం అన్న మర్యాద పులికే గాక పందికీ దక్కాలి.

ఏం అడగాలి?

జాలి అందరికీ ఒకే తీరుగా ఉండాలని ఎవరూ ఆజ్ఞాపించలేరు. మనిషి మనసు జింక వైపే మొగ్గుతుంది, మొగ్గనివ్వండి. కానీ చట్టమూ, ఖజానా ఆ మొగ్గును బట్టి నడవరాదు. జంతువును కాపాడాలన్నది సమాజం మొత్తం కోరిక అయితే దాని ఖర్చు కూడా సమాజం మొత్తం భరించాలి. ఒక్క గట్టు మీది కౌలుదారు భరించరాదు.

అందుకని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రైతు కూలీలు ఈ కోర్కెలతో కదలాలి. ఒకటి, అడవి జంతువుల పంట నష్టానికి పరిహారం సాగుచేసినవానికే ఇవ్వాలి. పాసుపుస్తకం అడగకుండా గ్రామసభ ధ్రువీకరణను అంగీకరించాలి. రెండు, సన్నకారు రైతులకు, కౌలుదారులకు సోలారు కంచె ప్రభుత్వ ఖర్చుతో వేయాలి. దానిలో కరెంటు ఆగి ఆగి వస్తుంది, జంతువును బెదిరిస్తుంది గానీ ప్రాణం తీయదు. చేను చుట్టూ కుసుమ, ఆముదం సాళ్లు వేసుకోవడానికి విత్తనం ఉచితంగా ఇవ్వాలి. మూడు, ఊరుమ్మడి రాత్రి కాపలాను ఉపాధి పనిగా గుర్తించి కూలి కట్టివ్వాలి. నాలుగు, గ్రామసభ ఇష్టపూర్వక సమ్మతి లేకుండా ఒక్క చెంచు కుటుంబాన్ని కూడా కదిలించరాదు. 2006 అటవీ హక్కుల చట్టం ఈ మాటే చెబుతోంది. అడవిలో పులి అడుగుజాడలు వెతికే చెంచు కాపలాదారులకు పర్మినెంటు ఉద్యోగం, నెలనెలా జీతం ఇవ్వాలి. ఐదు, కరెంటు తీగకు చనిపోయిన కూలి కుటుంబాన్ని సర్కారు ఆదుకోవాలి.

ఈ రాత్రి కూడా ఎక్కడో ఒక మంచె మీద ఒక కూలి డబ్బా మోగిస్తూ ఉంటాడు. అడవి అంచున పంది చెవులు రిక్కిస్తుంది. దూరాన జింక తలెత్తి చూస్తుంది. ముగ్గురికీ ఆకలే. జంతువులు రెండూ ఆకలిని చెప్పుకోలేవు. మంచె మీది మనిషి చెప్పుకోగలడు, పక్క చేను వానితో కలిస్తే గట్టిగా చెప్పగలడు. ఆ గొంతు చేను దాటి మండల కచేరి దాకా, కచేరి దాటి సచివాలయం దాకా వినబడేలా చేయడమే కార్యకర్తల ముందున్న పని.